జీడితోటలో విన్న ఆకాశం

సాలూరు,
22 సెప్టెంబరు 2024

మా ఇంట పుట్టి మబ్బుల మీదికెక్కిన ఝాన్సీ తల్లికి, లారీ దిగినా చేతులింకా స్టీరింగు మీదే ఉన్న నీ నాన్న ఎల్లాజీ రాసే సంగతులు.

మేము బాగున్నాము. మీ అమ్మ మోకాలు మాత్రం బాగోలేదు, దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు అసలు కబురు. నీ స్తంభం నిలబడింది! మన జీడితోట నడుమ, ముప్పై అడుగుల ఇనప గొట్టం, దాని కొననుంచి రాగితీగ మూడు మూలలుగా, అచ్చు నువ్వు గీసి పంపిన బొమ్మలాగే. కింద పెట్టె. పెట్టెలో ఎర్రచుక్క వెలిగి ఆరుతుంటే నాకు అన్నం సహించలేదు తల్లీ, సంతోషంతో కడుపు నిండిపోయింది. ముప్పై నాలుగేళ్లు లారీ తోలాను. రాయపూరు ఘాటీలో ఆగిపోయిన బండి మళ్లీ స్టార్టయినప్పుడు కూడా నాకింత ఆనందం కలగలేదు.

ఆనందం మనకి, ఏడుపు ఊరికి. నిన్న మీ లక్ష్మణరావు మావ విజయనగరం నుంచి దిగాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయినవాడు కదా, ఏ కొత్త వస్తువు కనిపించినా పేపరు దిద్దినట్టే చూస్తాడు. తోటకొచ్చి స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏటి బావా, కాకులు వాలడానికి కర్ర పాతినావా?" అన్నాడు.

"కాదురా, ఆకాశం చప్పుడు వినడానికి" అన్నాను.

"ఓహో! నీ కూతుర్ని అంత డబ్బెట్టి సదివించింది గాలి ఇనడానికా? నాకు సెప్తే మా డాబా మీద ఊరికే ఇనిపిద్దును గదా!"

చూశావా? ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పాడట ఈ మహానుభావుడు! ఆ పిల్లలెవరో ఎక్కడున్నారో, పాపం, దేవుడే కాపాడాలి. నేను ఎనిమిది దాకా చదివినవాణ్ణి. అయినా నువ్వు చెప్పింది నాకు అర్థమైంది, వాడికి కాలేదు. యంత్రాలకి అడ్డమని మీ కొండ మీద ఫోనులు వాడకూడదంటే కూడా వాడు నమ్మడం లేదు. "జీతం పెంచలేదని మొకం సాటేస్తన్నాది" అంటాడు. ఫోను లేకపోవడమే మనకి మేలైంది. లేకపోతే నా ఉత్తరాలు ఎవరు చదువుతారు?

మీ అమ్మ మోకాలికి ఆవనూనె రాస్తున్నాము.

నీ తీగకి కాపలా,
నాన్న


కొండమీది కేంద్రం,
1 అక్టోబరు 2024

నాన్నా,

స్తంభం బాగా నిలబెట్టారు. ఫొటో చూశాను. మా పై అధికారి ఉమాశంకర్ సారు కూడా మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకోవడమంటే, తప్పు దొరకలేదని బాధపడటం.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. దారిలో కలిసిన లారీవాళ్లందరికీ కథలుగా చెప్పకండి. సముద్రంలో మునిగి తిరిగే జలాంతర్గాములకు కబురు పంపాలంటే చాలా పొడవైన రేడియో తరంగాలు కావాలి. వాటికోసం పెద్ద పెద్ద ప్రసార కేంద్రాలు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. ఆ తరంగాల్లో కొంత భాగం పైకి జారిపోయి భూమి చుట్టూ ఒక బుడగలా ఏర్పడుతుంది. ఆ పైన విపరీతమైన వేగంతో తిరిగే కణాల పట్టీలున్నాయి, ఉపగ్రహాలను పాడుచేసేవి. మనుషులు వదిలిన ఆ తరంగాలే ఆ కణాలను కొంచెం దూరంగా ఉంచుతున్నాయేమోనని ఒక అనుమానం. అనుమానమే నాన్నా, ఇంకా తేలలేదు.

అక్టోబరు 12న ఉదయం పదిన్నరకు ఒక పెద్ద కేంద్రాన్ని మరమ్మతు కోసం ఆరు గంటలు ఆపుతున్నారు. ఆ ఆరు గంటల్లో మన పెట్టె ఏం వింటుందన్నదే నా పనంతా. డిసెంబరు 20న పెద్ద శాస్త్రవేత్తల సభలో చెప్పడానికి ఏమైనా దొరికితే నన్ను ఇక్కడ ఉంచుతారు. లేకపోతే మార్చికి పెట్టేబేడా సర్దుకుని ఇంటికి రావాలి.

తోటలోకి కరెంటు తీగ రాకూడదు. మోటారు వద్దు. సెల్లు వద్దు. వారానికోసారి పెట్టెలో మెమరీ కార్డు మార్చి, పాతది నాకు పోస్టు చేయండి. దగ్గర్లో ఏదైనా జరిగితే ఒక్క వాక్యంలో రాయండి. ఒక్క వాక్యం. పోయినసారి ఎనిమిది పేజీల్లో ఆరు మావయ్యను తిట్టడానికే సరిపోయాయి.

అమ్మను డాక్టరుకు చూపించండి. ఆవనూనె మందు కాదు.

ఝాన్సీ


సాలూరు,
13 అక్టోబరు 2024

కొండమీద కొలువున్న ఝాన్సీ తల్లికి, విజయదశమి మర్నాడు నీ నాన్న పట్టరాని సంతోషంతో రాసేది.

ఒక్క వాక్యం అడిగావు. ఇదిగో: అంతా దివ్యంగా జరిగింది. ఇక మిగతాది ఖాళీ ఉన్నప్పుడు చదువుకో.

నిన్న నీ స్తంభానికి ఆయుధపూజ చేశామే! దసరానాడు సాలూర్లో పూజ లేని చక్రం ఉంటుందా? లారీకి చేస్తాం, టైరు మార్చే జాకీకి చేస్తాం, పంచరు కిట్టుకి చేస్తాం. భూమిని కాచే తరంగాలను వినే తీగకి చెయ్యకపోతే మనం డ్రైవర్లమేనా? పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయలు, గుమ్మడికాయ. మీ అమ్మ హారతిచ్చింది. యూనియనువాళ్లు పాతికమంది వచ్చారు. నీ నియమాలన్నీ నేను పాటించాను. సెల్లులన్నీ గేటు దగ్గరే గోనెసంచిలో వేయించాను. లారీలు రోడ్డు మీదే ఆపించాను. మైకు పెడతానంటే వద్దన్నాను. మీ మావ మాత్రం ఫోను ఇవ్వనంటే ఇవ్వనని కంచె బయటే నిలబడ్డాడు. బయటే ఉండమన్నాను, పీడ విరగడైంది.

అలంకారం చూసి ఉంటే నువ్వు మురిసిపోయేదానివి. మన యూనియను డ్రైవరు నాగబాబు తన లారీకి కట్టే సీరియల్ బల్బుల దండలు నాలుగు తెచ్చి, కిందనుంచి కొనదాకా చుట్టాడు. కరెంటు వద్దన్నావు కదా, పెట్టలేదు. లారీ బ్యాటరీ ఒకటి, దానికి చిన్న ఇన్వర్టరు, అంతే. పట్టపగలు బల్బులేమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీ. మొదట జిగేలుమన్నాయి. తర్వాత తర్వాత మందగించి మందగించి, మధ్యాహ్నం బ్యాటరీ దిగిపోయి ఆరిపోయాయి. నాగబాబు ఆ బ్యాటరీ అమ్మినవాడి ఏడు తరాలనూ తిట్టాడు.

పెసరపప్పు, పరమాన్నం పంచాము. మీ మావ కంచె మీదనుంచే రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఎటకారానికి ఆకలెక్కువ.

కార్డు ఈ కవర్లోనే ఉంది. కొత్తది వేశాను.

తీగకి బొట్టుపెట్టిన చేత్తో,
నాన్న


కొండమీది కేంద్రం,
3 నవంబరు 2024

నాన్నా! నాన్నా!

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదవండి. మీరు పంపిన కార్డులో దొరికింది! ఆ కేంద్రం ఆగిన కాసేపటికి మన పెట్టె ఒక కొత్త చప్పుడు విన్నది. కంప్యూటరు తెర మీద చూస్తే నిచ్చెన మెట్లలా ఒకదానిమీద ఒకటి గీతలు. అవి గంటగంటకూ మెల్లమెల్లగా కిందికి దిగుతూ వచ్చాయి. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇక్కడి తీగకు అది అందలేదు, మన జీడితోటకే అందింది. ఉమాశంకర్ సారు రెండు రోజులుగా కుర్చీలో కూర్చోలేదు. "మనిషి వదిలిన తరంగం ఆగగానే పైనున్న బుడగ కుంగుతోంది, ఆ కుంగుబాటు చప్పుడే ఇది" అంటున్నారు. డిసెంబరు 20 సభలో ఇదే ముఖ్యాంశం. మాటాడేది నేను!

నాలుగేళ్లుగా నన్ను టీ తెమ్మన్నవాళ్లు ఈరోజు నాకు టీ తెచ్చారు. తాగలేదు. చల్లారనిచ్చాను.

మీ పెద్ద ఉత్తరం చదివే తీరిక లేకపోయింది, మొదటి వాక్యం చదివాను. దివ్యంగా జరిగిందన్నారు. నిజంగానే దివ్యం.

మీ ఝాన్సీ


సాలూరు,
12 నవంబరు 2024

ఆకాశానికి చెవులు పెట్టిన నా బంగారుతల్లికి, నేలమీద కాలు నిలవని నాన్న.

నీ ఉత్తరం పదకొండుసార్లు చదివాను. పన్నెండోసారి లారీ యూనియను హాల్లో బల్లెక్కి చదివాను. మన విజయనగరం కోటకి నాలుగు వైపులా గోడ ఉన్నట్టే భూమికీ ఒక గోడ ఉందనీ, ఆ గోడ మనుషుల మాటలతో కట్టిందనీ, ఒక్క గంట మాటలు ఆగితే అది కుంగుతుందనీ మా అమ్మాయే కనిపెట్టిందనీ చెప్పాను. చప్పట్లే చప్పట్లు! "ఆడపిల్లకి అంత సదువెందుకు ఎల్లాజీ" అని పదేళ్ల కిందట నాకు నీతులు చెప్పిన పెద్దమనుషులున్నారే, వాళ్లే ముందు వరసలో కూర్చుని కొట్టారు. ఆ చేతులు చూస్తే నాకు నవ్వొచ్చింది. దున్నపోతుల గిట్టలు నయం.

డిసెంబరు 15న హాల్లో సన్మానం. నువ్వు రాలేవు కదా, శాలువా మీ అమ్మకి కప్పుతారట. ఫ్లెక్సీకి నీ ఫొటో ఇచ్చాను.

ఇక మీ మావ. కబురు తెలిసిన గంటలో ఫోను చేశాడు. అభినందించడానికి అనుకున్నావా?

"బావా, నీ ఆకాశం ఎన్ని గంటలకి పలికినాది?"

"పొద్దున్న, పూజవేళ."

"ఆగింది?"

"మజ్జాన్నం."

"నీ సీరియల్ సెట్టు కూడా అప్పుడే ఎలిగి అప్పుడే ఆరినాది గదా! ఒరే బావా, కోడలు ఇన్నది ఆకాశాన్ని కాదు, నాగబాబు ఇన్వర్టర్ని!" అని పకపకా నవ్వాడు.

చూడు ఆ కుళ్లు! ఇన్వర్టరు చప్పుడు చేస్తే నాకు వినబడదా? నా చెవులు చెవులు కావా? ఇంజను దగ్గితే రెండు మైళ్ల ముందే ఏ బేరింగు పోతుందో చెప్పినవాణ్ణి. సొంత కొడుకు మూడుసార్లు తప్పిన ఇంజనీరింగు గుర్తొచ్చి, నీ పేరు వినలేకపోతున్నాడు. ఫోను పెట్టేశాను. ఇక ఆ ఇంటి గడప తొక్కను.

గర్వంతో మెడ పట్టేసిన,
నాన్న


కొండమీది కేంద్రం,
21 నవంబరు 2024

నాన్నా,

మావయ్య మాట చదివాక, మీ అక్టోబరు 13 ఉత్తరం తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను. అప్పుడే చదవాల్సింది.

ఇన్వర్టరు చేసే చప్పుడు చెవికి అందదు. మన తీగకు అందుతుంది. బ్యాటరీ దిగేకొద్దీ ఆ చప్పుడు కూడా దిగుతుంది. నిచ్చెన మెట్లు కిందికి దిగాయని రాశానే, అది బుడగ కుంగడం కాకపోవచ్చు. బ్యాటరీ దిగడం కావచ్చు.

బల్బులు ఎప్పుడు వెలిగాయి, ఎప్పుడు ఆరాయి? నిమిషాలతో సహా కావాలి. "పూజవేళ" చాలదు. మన పెట్టెలో ఉన్న టైము నేను చెప్పను. ముందు చెబితే మీకు తెలియకుండానే దానికి సరిపెట్టుకుంటారు.

సన్మానం ఆపించండి.

ఝాన్సీ


సాలూరు,
28 నవంబరు 2024

విద్వాంసురాలు ఝాన్సీ గారికి,

ఆపించాలా? ఫ్లెక్సీ కట్టేశారు. బస్టాండు దగ్గర, నిలువెత్తున. దించమని నేను ఏ మొహంతో అడగను?

కరెంటు వద్దన్నావు, పెట్టలేదు. మోటారు వద్దన్నావు, పెట్టలేదు. సెల్లు వద్దన్నావు, పాతికమంది సెల్లులు గోనెసంచిలో వేశాను. బ్యాటరీ వద్దని ఎక్కడ రాశావు? నీ పెట్టె నడిచేదే బ్యాటరీ మీద! నీ బ్యాటరీ మంచిది, నా బ్యాటరీ చెడ్డదా? లక్షలు పోసి కట్టిన మీ శాస్త్రానికి ఆకాశానికీ సీరియల్ సెట్టుకీ తేడా తెలియకపోతే, ఆ శాస్త్రం ఎవరికి? కొండమీద కూర్చుని మీరంతా చేసేది ఇదేనా?

మీ మావ నీకు కూడా ఫోను చేశాడేమో అనుకున్నాను. ఫోను లేదు కదా. అయినా ఇద్దరిదీ ఒకటే మాట. కన్నతండ్రి మాట కన్నా ఆ ఎటకారపు పంతులు మాట నీకు రుచించింది. సరే, కానీయ్.

టైము నాకు తెలియదు. పూజ చేసేటప్పుడు గడియారం చూసుకునేవాణ్ణి కాను.

నాన్న


కొండమీది కేంద్రం,
5 డిసెంబరు 2024

నాన్నా,

బ్యాటరీ వద్దని నేను రాయలేదు. అది నా తప్పు. డ్రైవరుకు బ్యాటరీ కరెంటు కాదని నాకు తోచలేదు. మీ ఉత్తరం చదవకపోవడం ఇంకా పెద్ద తప్పు. మిమ్మల్ని ఒక్క వాక్యం రాయమని వెక్కిరించాను. నాకు కావలసింది మూడో పేజీలో ఉంది.

ఉమాశంకర్ సారుకు నిన్న చెప్పాను. పడీపడీ నవ్వారు. "మీ నాన్న పూజకి భయపడి ఇంత పెద్ద ఫలితాన్ని వదులుకుంటావా? రుజువేది?" అన్నారు. రుజువు లేకపోతే 20న నేనే వేదికెక్కి అది ఆకాశమని చెప్పాలి. చెప్పనంటే మార్చికి నా పని అయిపోయినట్టే. చెబితే నా పని ఉంటుంది, అబద్ధం మీద ఉంటుంది. మీరు బల్లెక్కి చదివిన ఉత్తరం అబద్ధమవుతుంది.

మావయ్య ఆ రోజు కంచె బయటనుంచి వీడియో తీశారా? అందులో టైము ఉంటుంది. మీరు ఆ గడప తొక్కనన్నారు. నాకు ఇంకెవరూ లేరు.

ఇందులో అంటించిన చిన్న కవరు ఉంది. మన పెట్టె విన్న టైము అందులో రాశాను. వీడియో చూసి, మీ టైము కాగితం మీద రాసి, అప్పుడే విప్పండి. మావయ్య ముందు విప్పండి.

ఝాన్సీ


సాలూరు,
11 డిసెంబరు 2024

తల్లీ ఝాన్సీ,

నీ ఉత్తరం అందిన గంటకి విజయనగరం బస్సెక్కాను. మీ అమ్మ అరిసెలు కట్టిచ్చింది. శత్రువు ఇంటికి అరిసెలేమిటని అడిగాను. "శత్రువు నాకు తమ్ముడు" అంది.

గుమ్మంలోనే నిలబడ్డాడు మీ మావ. "ఏటి బావా, నన్ను సూడనికొచ్చినావా, నా ఫోను సూడనికొచ్చినావా?"

"ఫోనే."

"ఊరంతా నన్నేటేటి అన్నావో తెలుసునా?"

"అన్నాను. రేపూ అంటాను. ముందు ఆ వీడియో తియ్."

తీశాడు. మన చుట్టాల గ్రూపులో పెట్టి నవ్వించడానికి రెండు ముక్కలు తీశాడట. మొదటి దాంట్లో నేనున్నాను, తలపాగా చుట్టుకుని, పెళ్లికొడుకులాగ చెయ్యెత్తి, "ఎలిగించండర్రా!" అని అరుస్తున్నాను. బల్బులు జిగేలుమన్నాయి. ఉదయం 10.52. రెండో దాంట్లో నాగబాబు, "ఓలమ్మో, బ్యాటరీ దిగిపోనాది" అంటున్నాడు. మధ్యాహ్నం 2.36. రెండూ కాగితం మీద రాశాను. మావ చూసి సరే అన్నాడు. నీ కవరు విప్పాము.

10.52. 2.36.

మావ పకపకా నవ్వుతాడని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. నవ్వలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి, "నేను ఎటకారానికన్నాను బావా. నిజమవ్వాలని కాదు" అన్నాడు. మీ అత్త మంచినీళ్లు తెచ్చింది. ఇద్దరమూ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి మళ్లీ అతనే, "కోడలు ఈ కాయితం సింపేసినా ఎవులికి తెలిసును? సింపలేదు సూడు" అన్నాడు. వాడి నోటినుంచి నీకు మెప్పు వినడం ఇదే మొదలు. కొంచెం ఆలస్యమైంది, అయినా సైన్సు మాస్టరు కదా, నిదానమే.

సన్మానం ఆపడం లేదు తల్లీ. 15న ఆ బల్లే మళ్లీ ఎక్కుతాను. గోడ కుంగలేదని, అసలు గోడ ఉందో లేదో మా అమ్మాయి ఇంకా వింటోందని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. "ఇది నా తప్పు" అన్నవాణ్ణి వాళ్ల జన్మలో ఒక్కణ్ణి కూడా చూసి ఉండరు. చూడనీ. నాకు మాత్రం ఒళ్లు పులకరిస్తోంది. చప్పట్లు కొట్టించుకున్నరోజు కూడా ఇంత సంతోషం లేదు. నిన్ను కన్నది నేనే కదా అని మీ అమ్మని రెండుసార్లు అడిగాను. చివాట్లు పెట్టింది.

వీడియోలు మీ మావ కార్డులో ఎక్కించి ఇచ్చాడు, ఈ కవర్లో ఉన్నాయి. దానితో పాటు కింది కాగితం మీ సారుకి ఇవ్వు. తప్పులుంటే దిద్దకు, ఉన్నది ఉన్నట్టే ఇవ్వు.

నాన్న

*

ఉమాశంకర్ సారు వారికి,

సాలూరు కాపురస్తుడు, రిటైర్డు లారీ డ్రైవరు ఎల్లాజీ తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇస్తున్నది. 12 అక్టోబరు 2024 ఉదయం 10.52 నుంచి మధ్యాహ్నం 2.36 దాకా మా జీడితోటలోని స్తంభానికి సీరియల్ బల్బులు కట్టించి, లారీ బ్యాటరీ మీద ఇన్వర్టరు పెట్టి వెలిగించినది నేనే. ఇందులో మా అమ్మాయి ఝాన్సీకి ఏ సంబంధమూ లేదు. ఆ మూడు గంటల నలభై నాలుగు నిమిషాలు పలికింది ఆకాశం కాదు. నేను.

సంతకం: ఎల్లాజీ

సాక్షి: లక్ష్మణరావు, సైన్సు టీచరు (రిటైర్డు), విజయనగరం